అండమాన్‌కి ఏ చెప్పులు? మా నాలుగు జతల అనుభవం

మా ఇంట్లో ఈత వచ్చింది మావారొక్కరికే. నాకు లైఫ్ జాకెట్ తొడిగితే నీళ్ళంటే భయం లేదు, అంతవరకే. పాపకి పదేళ్ళు. నాన్నకి డెబ్బై దాటాయి, చాలా ఏళ్ళుగా షుగర్. అండమాన్ వెళ్దామని అనుకున్నాక టికెట్లు, హోటళ్ళు, ఫెర్రీలు మావారు చూసుకున్నారు. కాళ్ళకి వేసుకునేవి కొనే పని నాకు వదిలేశారు. చెప్పులే కదా అన్నట్టు వదిలేశారు గానీ, సామాన్లన్నిటిలో నేను ఎక్కువ తిరిగింది, ఎక్కువ మందిని అడిగింది వాటి గురించే.

ముందు నాన్నని చూసే డాక్టర్‌ని అడిగాను. ఆయన ఏడాదికోసారి నాన్న పాదాల మీద సన్నటి నైలాన్ దారం లాంటిది నొక్కి, తగిలిందా లేదా అని అడుగుతారు. మోనోఫిలమెంట్ అంటారు దాన్ని. 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగిపోతుంది. అరికాలి ముందు భాగంలో అది నొక్కినా నాన్నకి తెలియడం లేదు. "సముద్రంలో దిగండి, నాకేం అభ్యంతరం లేదు. వట్టి కాళ్ళతో మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు" అన్నారు డాక్టర్. పెంకు గుచ్చుకున్నా ఇసక కాలినా మనమైతే అబ్బా అని అక్కడికక్కడే కాలు లాగేస్తాం. నాన్నకి ఆ నొప్పి తెలియదు. రాత్రి కాలు కడుక్కునేటప్పుడు రక్తం కనబడితేనే తెలియాలి.

టూర్ బుక్ చేసిన ఏజెంటుని అడిగితే "అంతా తెల్లటి ఇసకే మేడమ్, చెప్పులతో పనే లేదు" అన్నాడు. హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ వరకూ అది నిజమే. ఎంత దూరం నడిచినా కాలికి ఏమీ తగలదు. కానీ టూరిస్టుల్ని స్నార్కెలింగ్‌కి (గొట్టంతో గాలి పీలుస్తూ, నీళ్ళలో తల పెట్టి పగడాలు చూడటానికి) ఎక్కువగా తీసుకెళ్ళేది రాధానగర్‌కి కాదు, ఎలిఫెంట్ బీచ్‌కి. పగడాలు గట్టి అడుగు మీదే పెరుగుతాయి. అలలకి విరిగిపోయిన పాత పగడాల ముక్కలు అక్కడే పోగుపడతాయి. కాబట్టి పగడాలు బాగా కనబడే చోట ఒడ్డు మెత్తగా ఉండాలని ఆశించడమే కుదరదు. ఏజెంటు రాధానగర్ ఫొటోలు చూసి చెప్పాడేమో అనిపించింది.

అక్కడ స్నార్కెలింగ్ ఎలా చేయిస్తారో తెలిశాక నా పని సగం తేలికైంది. విదేశీ వీడియోల్లో అందరూ పొడుగాటి ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రబ్బరు రెక్కలు) తొడుక్కుని చేపల్లా జారిపోతుంటారు. ఎలిఫెంట్ బీచ్‌లో మామూలు ప్యాకేజీలో అలా ఉండదు. మాస్కు, గొట్టం, లైఫ్ జాకెట్ ఇచ్చి, రబ్బరు ట్యూబు పట్టుకోమంటారు. గైడు ముందు ఈదుతూ మనల్ని లాక్కెళ్తాడు. మనం తల నీళ్ళలో పెట్టి చూడటమే. ఫిన్స్ ఇవ్వరు, వాటితో పనీ లేదు. అంటే నీళ్ళలో తేలుతున్నంతసేపూ కాళ్ళకి ఏమున్నా ఒకటే. బోటు దిగిన చోటు నుంచి ఛాతీ లోతు వచ్చేదాకా నడిచే ఆ కాస్త దూరానికి, తిరిగి రావడానికి, ఒడ్డున తిరగడానికే చెప్పులు కావాలి. ఇది అర్థమయ్యాక షాపులో నేను ఈత సామాను వైపు చూడటం మానేసి, నడక సామానుగా చూడటం మొదలుపెట్టాను.

హవాయి చెప్పులు మొదటే కొట్టేశాను. సోల్ బాగానే ఉంటుంది, కానీ మడమ దగ్గర పట్టు లేదు. మోకాలి లోతులో అల వెనక్కి లాగితే చెప్పు ముందు వెళ్ళిపోతుంది, మనిషి దాని వెనక వెళ్తాడు. విశాఖలో పెరిగినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. క్లాగ్స్ కూడా అంతే. పెద్ద పెద్ద చిల్లులున్నా అల కొట్టినప్పుడు లోపల నీళ్ళు నిండుతాయి, పైగా తేలుతాయి. పట్టీల ఫ్లోటర్స్ బోటెక్కి దిగడానికి, జెట్టీల మీద నడవడానికి చాలా బాగుంటాయి. నేను వాటితోనే సరిపెట్టుకోవచ్చేమో అనుకున్నా గానీ వేళ్ళు బయటికి ఉంటాయి, సోల్‌కీ పాదానికీ మధ్య గులకరాయి దూరితే ఆగి విప్పాల్సిందే. నీళ్ళలో నిలబడి పట్టీ విప్పడం నా వల్ల కాదు. మామూలు స్పోర్ట్స్ షూస్ నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి, మర్నాటికి కూడా ఆరవు.

నాన్న మాత్రం "వెనకటి శాండాక్ బూట్లు లేవూ? అవి తెచ్చిపెట్టు చాలు" అన్నారు. నవ్వాను గానీ, ఆలోచిస్తే ఆయన చెప్పినదాంట్లో చాలా నిజముంది. ఒకటే అచ్చులో పోసిన ప్లాస్టిక్, ఊడిపోయే జిగురు లేదు, నీళ్ళు పట్టవు, సోల్ గట్టిది. షుగర్ ఉన్న పాదానికి మాత్రం ఆ గట్టి అంచులు రాసుకుంటే పుండు పడుతుంది. అందుకని వద్దన్నాను.

చివరికి ఆక్వా షూస్ దగ్గర ఆగాం. నీళ్ళలో వేసుకునే బూట్లు అని అందరూ ఒకటే పేరుతో అమ్ముతారు గానీ వాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి మేజోడుకి పల్చటి రబ్బరు అంటించినట్టుంటుంది. మడతపెట్టి జేబులో పెట్టుకోవచ్చు. స్విమ్మింగ్ పూల్‌కి, మెత్తటి ఇసకకి చాలు. రెండోదానికి అసలైన సోల్ ఉంటుంది, వేళ్ళ ముందు రబ్బరు కప్పు ఉంటుంది, పైన నియోప్రీన్ (సాగే మెత్తటి రబ్బరు) గానీ మెష్ (వలలాంటి బట్ట) గానీ. షాపులో నేను చేసిన పరీక్ష చాలా సులువు. బూటులో ఎడమచెయ్యి పెట్టి, కుడి బొటనవేలితో కింద నుంచి సోల్‌ని గట్టిగా నొక్కాను. లోపలి చేతికి ఆ వేలు ఎక్కడుందో స్పష్టంగా తెలిస్తే పగడం ముక్క కూడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. ఈ ఒక్క పరీక్షతోనే చవక రకాలు చాలావరకు పోయాయి. డెకాథ్లాన్‌లో స్నార్కెలింగ్ కోసమని పెట్టిన వాటిలో నాకు, మావారికి సరిపోయినవి దొరికాయి. ఖరీదు చూసి ఎంచుకోకండి. పల్చటి మేజోడు రకం కూడా మంచి రంగుల్లో ఉంటే ధర ఎక్కువే చెబుతారు.

సైజు విషయంలో సేల్స్ అబ్బాయి మంచి మాట చెప్పాడు. నియోప్రీన్ తడిస్తే కాస్త వదులవుతుంది, కాబట్టి పొడిగా ఉన్నప్పుడు బిగుతుగానే ఉండాలి. వేళ్ళు ముడుచుకోకూడదు, మడమ మాత్రం లేవకూడదు. నేను సాయంత్రం పూట వెళ్ళాను, అప్పటికి కాళ్ళు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి. పాప దగ్గర వచ్చింది గొడవ. "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి, ఒక సైజు పెద్దది తీసుకో" అని మా అత్తగారు ఫోన్‌లో. స్కూలు బూట్లకి ఆ లెక్క సరే, వేళ్ళ దగ్గర దూది పెట్టి నెట్టుకొస్తాం. నీళ్ళలో వదులు బూటు వదులు చెప్పు కంటే ప్రమాదం, సగం ఊడి పాదానికి అడ్డం పడుతుంది. సరిగ్గా సరిపోయేదే కొన్నాను. ఏడాదికే పొట్టివవుతాయని తెలిసే కొన్నాను.

మెష్ గురించి ఒక మాట. రంధ్రాలు మరీ సన్నగా ఉన్న మెష్ ఇసకని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. బొబ్బలెక్కేది చాలావరకు ఆ ఇసక రాపిడి వల్లే. నియోప్రీన్ చీలమండ దగ్గర పట్టేసి ఉంటే ఇసక తక్కువ దూరుతుంది, కానీ ఆరడం ఆలస్యం. రెండూ కావాలంటే దొరకవు. నేను నియోప్రీన్ వైపే మొగ్గాను. లోపలి అట్ట ఊడి వచ్చేది ఏదైనా సరే వద్దు, తడిసినప్పుడు అది ముడుచుకుని వేళ్ళ కింద చేరుతుంది.

నాన్నకి ఇవేవీ కుదరలేదు. వంగి బిగుతు బూటు లాక్కోవడం ఆయనకి కష్టం. ముందు భాగం మూసి ఉండి, పక్కన నీళ్ళు పోయే సందులుండి, వెల్క్రో పట్టీతో పూర్తిగా తెరుచుకునే ట్రెకింగ్ శాండల్ తీసుకున్నాం, లోపల వేసుకోవడానికి కుట్టు లేని పల్చటి మేజోళ్ళు. లోపలంతా వేలితో తడిమి చూశాను, ఎక్కడా కుట్టు పొడుచుకు రాకూడదని. డాక్టర్ చెప్పినట్టు మొదట ఇంట్లోనే కొద్దిసేపు వేసుకుని, విప్పి, ఎర్రబడిందేమో చూసుకుని, రోజూ కొంచెం కొంచెం సమయం పెంచాం. కొత్త చెప్పులు నేరుగా ప్రయాణంలో వేసుకోవడం షుగర్ ఉన్నవాళ్ళు అస్సలు చేయకూడని పని. గట్టి క్రమశిక్షణ గల మా నాన్నకి ఇది బాగా నచ్చింది, కాలెండర్‌లో టిక్కులు పెట్టుకున్నారు.

అసలు పరీక్ష మంగమారిపేటలో. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రం కోసిన రాతి తోరణం ఉంది కదా, అక్కడ. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గితే పాచి పట్టిన రాళ్ళు బయటపడతాయి. రాళ్ళకి అతుక్కున్న చిన్న చిన్న పెంకులు బ్లేడులా ఉంటాయి. అండమాన్ పగడాలకి సాధన చేయడానికి ఇంతకంటే మంచి చోటు మనకి లేదు. పాప కోసం ఆన్‌లైన్‌లో ముందే తెప్పించిన ఒక జత అక్కడే చేతులెత్తేసింది. ఉప్పునీళ్ళలో నానగానే ముందు భాగంలో సోల్ నోరు తెరిచింది. తిరిగి పంపేస్తే డబ్బులిచ్చారు, అది వేరే సంగతి. బయల్దేరే ముందు ఊడింది కాబట్టి సరిపోయింది. ఇంకోటి కూడా అక్కడే తెలిసింది. పెంకుల మీద, గరుకు రాయి మీద ఏ సోలైనా పట్టుకుంటుంది. పాచి మీద ఏదీ పట్టుకోదు. ఎంత గాళ్ళున్న సోలైనా పచ్చటి పాచి మీద జారుతుంది. దాని మీద కాలు పెట్టకపోవడమే దారి.

ఎలిఫెంట్ బీచ్‌కి హేవ్‌లాక్ జెట్టీ నుంచి స్పీడ్‌బోటులో వెళ్ళాం. అడవి గుండా నడిచే దారి కూడా ఉంది గానీ నాన్నతో అది కుదరదు. వాన పడితే ఆ దారిలో బురద ఎక్కువని చెప్పారు. బోటు అబ్బాయి హిందీలో మొదలుపెట్టి, మా మాటలు విని తెలుగులోకి మారాడు. అండమాన్‌లో మనవాళ్ళు చాలామందే, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు. ఈ అబ్బాయి పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే అయినా మాట మాత్రం పలాస యాసే. చుట్టూ అందరూ చెప్పులు బోటులో వదిలేసి దిగుతున్నారు. "సెప్పులిప్పకండక్కా, అలగే దిగండి. కాల్లు కోసుకుపోతాయి" అన్నాడు. నాన్న వైపు చూసి "పెద్దాయనా, బాగా ఏసుకొచ్చారు" అని మెచ్చుకున్నాడు. ఆ రోజంతా నాన్న నడకే మారిపోయింది.

దిగిన చోట నీళ్ళు మోకాలి దాకా, అడుగున ఇసకలో విరిగిన పగడాల ముక్కలు. వట్టి కాళ్ళతో దిగినవాళ్ళు ఒక్కో అడుగుకీ ముఖం చిట్లిస్తూ, పక్కవాళ్ళ భుజాలు పట్టుకుంటూ వెళ్తున్నారు. మేం మామూలుగా నడిచి వెళ్ళాం. పాప అయితే పరిగెత్తింది. స్నార్కెలింగ్‌లో చూసిన చేపల గురించి చెప్పాలంటే వేరే రాయాలి. చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే కరకర శబ్దం నిజంగానే వినిపిస్తుంది.

బూట్లుంటే ఒక చెడ్డ ధైర్యం కూడా వస్తుంది. తేలుతూ తేలుతూ మాస్కులోకి నీళ్ళు రాగానే కాళ్ళు కింద పెట్టి నిలబడాలనిపిస్తుంది. వట్టి కాళ్ళున్నవాడు భయపడి ఆగుతాడు, బూట్లున్నవాడు నిలబడిపోతాడు, అదీ బతికున్న పగడం మీద. గుండ్రంగా బండలా పెరిగే పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. పిల్లవాడి తలంత దిమ్మ పెరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్క వేసుకోండి. మా గైడు ముందే చెప్పాడు, ఇబ్బందైతే ట్యూబు పట్టుకుని తల పైకెత్తండి, కాళ్ళు మాత్రం కిందికి దించొద్దని. పాపకి నేను ఇంటి దగ్గరే చెప్పి ఉంచాను, బూట్లు ఇసక మీద నిలబడటానికే అని. పైగా బూట్లున్నాయి కదా అని ఎక్కడపడితే అక్కడ తొక్కితే ప్రమాదం మనకి కూడా. సీ అర్చిన్ అనే నల్లటి ముళ్ళ జీవి పగడాల సందుల్లో కూర్చుంటుంది, దాని ముల్లు పల్చటి సోల్‌ని దాటగలదు. రాయిలా కదలకుండా పడుండే స్టోన్‌ఫిష్ ముళ్ళైతే మరీ విషం. ఇసక అడుగున్న చోట కాళ్ళు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడవమంటారు, ఇసకలో దాక్కున్న, తోకకి విషపు ముల్లుండే టేకు చేప (స్టింగ్‌రే) ఆ కదలికకి ముందే తప్పుకుంటుంది. మన జాలర్లకి తెలిసిన పద్ధతే ఇది.

ఇలాంటి ముల్లు గుచ్చుకుంటే కాలిని 45 డిగ్రీలు దాటని వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచడం ప్రథమ చికిత్స, ఆ తర్వాత డాక్టర్. మాకు ఆ అవసరం రాలేదు. స్పర్శ లేని పాదమైతే నీళ్ళ వేడి ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి, లేకపోతే ముల్లు బాధ కంటే కాలిన గాయం పెద్దదవుతుంది.

మావారి సంగతి వేరు. ట్యూబు పట్టుకుని లాగించుకోవడం ఆయనకి నామోషీ. హేవ్‌లాక్‌లో ఒక డైవింగ్ సెంటర్‌లో ఫిన్స్ అద్దెకి తీసుకున్నారు. వాటిలో కూడా రెండు రకాలు. పాదమంతా లోపలికి దూరే రకానికి బూట్లు అక్కర్లేదు, వట్టి పాదమో పల్చటి నియోప్రీన్ మేజోడో. మడమ వెనక పట్టీ ఉండే రకంలో బూటుతో సహా కాలు పెట్టొచ్చు. ఆయన ఆక్వా షూ రెండో రకంలో దూరింది గానీ మడమ దగ్గర బరువైన డైవింగ్ బూటుకున్నంత పట్టు లేక ఫిన్ అటూ ఇటూ ఊగింది. మొదటి రకం తీసుకుని, బూట్లు ఛాతీ లోతు దాకా వేసుకెళ్ళి, అక్కడ విప్పి నాకిచ్చి ఫిన్స్ తొడుక్కున్నారు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అంటే ఆయన దర్జాగా ఈదుతుంటే ఆయన చెప్పులు పట్టుకుని నిలబడ్డది నేను. ఫిన్స్‌తో నడవాలనుకుంటే వెనక్కి నడవాలి, ముందుకి నడిస్తే బోర్లా పడటమే. ఇంత చేసినా ఆయన మోకాలి కింద ఎముక మీద పగడం గీరింది. బూట్లు పాదాన్నే కాపాడతాయి కదా. మంచినీళ్ళు, సబ్బుతో గట్టిగా రుద్ది కడిగాం, లోపల పగడం నలుసులు ఉండిపోతే గాయం త్వరగా మానదు. చిన్న గీత అయినా చాలా రోజులు ఎర్రగా ఉండిపోయింది.

నీల్ ఐలాండ్‌లో బూట్ల విలువ ఇంకా తెలిసింది. లక్ష్మణ్‌పూర్ వైపు సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, హౌరా బ్రిడ్జ్ అంటారు అక్కడి బెంగాలీ వాళ్ళు. మన మంగమారిపేట తోరణానికి పెద్దన్నయ్య. ఆటు ఉన్నప్పుడే వెళ్ళగలం, అందుకే వేళ కనుక్కుని బయల్దేరాలి. ఆ దారంతా ఇసక కాదు, చచ్చిన పగడాల రాళ్ళు, మధ్య మధ్య నీటి గుంటలు. గుంటల్లో సముద్రపు దోసకాయలు (సీ కుకుంబర్ అనే జీవులు), పీతలు, రంగు రంగుల చేపపిల్లలు. ఇక్కడ ఆక్వా షూస్ కంటే నాన్న శాండల్సే మేలు అనిపించింది. గంటసేపు రాళ్ళ మీద నడిచేసరికి నా అరికాళ్ళు తీపులెత్తాయి, నాన్న హాయిగా ఉన్నారు. మళ్ళీ కొంటే నేను కూడా గట్టి సోల్ శాండలే కొంటాను, ఆక్వా షూస్ పిల్లలకి, ఈదేవాళ్ళకి వదిలేస్తాను. నాన్న వంతెన దాకా రాలేదు. సగం దూరంలో ఒక బండ మీద కూర్చుని గుంటలో పీతని చూస్తూ ఉండిపోయారు. రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, టార్చి వేసి చూశాను. ఒక్క గీత లేదు.

తిరుగు ప్రయాణం ముందు చేయాల్సిన పని ఒకటుంది. సోల్ గాళ్ళలో, నీళ్ళు పోయే చిల్లుల్లో పగడాల ముక్కలు ఇరుక్కుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకి రక్షణ ఉంది, ముక్కలు ఏరి తెచ్చుకోవడం నేరం, ఎయిర్‌పోర్టులో సామాన్లు తనిఖీ చేస్తారు. పాత టూత్ బ్రష్‌తో గాళ్ళన్నీ గీకి, ముక్కల్ని అక్కడే ఒడ్డున వదిలేశాం. తర్వాత మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి ఉప్పు వదిలించి నీడలో ఆరేశాం. ఎండలో పెడితే రబ్బరు బిగుసుకుపోతుంది, జిగురు వదిలేస్తుంది. నియోప్రీన్ ఆ తేమగాలికి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టినా పూర్తిగా ఆరలేదు. విమానంలో మాకిచ్చింది తలా 15 కిలోలు, తడి బూట్లు బరువు తూగుతాయి. అందుకని వాటిని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి చేతి సంచిలో పెట్టుకున్నాం. చెన్నైలో విమానం మారేసరికి సంచి తెరిస్తే వాసన మాత్రం గట్టిగానే కొట్టింది. ఇంటికొచ్చాక పేపరు ఉండలు కుక్కి, రోజూ మారుస్తూ ఉంటే పోయింది. పాప జత అప్పుడే వేలికి తగులుతోంది, మా ఆడపడుచు కూతురికి పంపిద్దామని కడిగి పక్కన పెట్టాను.